దుమ్ము కడిగిన ట్యాంకు

రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో తెలిసినవాడెవడూ ఇంటికి తెల్ల రంగు వేయించడు. చుట్టూ ఫ్యాక్టరీలు. తెల్లారేసరికి మేడ మీదా, తులసికోట మీదా, ఆరేసిన చీరల మీదా సన్నటి నల్లటి నుసి పరుచుకుని ఉంటుంది. విజయనగరం నుంచి కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన నాటినుంచీ తాయారమ్మ ఆ నుసితో యుద్ధం చేస్తూనే ఉంది. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి తుడిచి, మధ్యాహ్నం నిద్రలో కూడా చెయ్యి చాపి మంచం కోడు తుడిచే మనిషి. ఆమె వంటింటి గట్టు మీద ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

అలాంటి ఇల్లాలి కడుపున పుట్టిన పృథ్వీ ఒకరోజు డబ్బులిచ్చి దుమ్ము కొనుక్కొచ్చాడు.

కొరియర్‌లో వచ్చింది. చిన్న చిన్న సీసాలు. ఒకదాంట్లో ఎండిన మట్టి రంగు పొడి, ఒకదాంట్లో తుప్పు రంగు, ఇంకోదాంట్లో మసి. తాయారమ్మ ఒక సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది.

"ఏటిరా ఇది?"

"దుమ్మమ్మా."

"దుమ్మా! దుమ్ము కొన్నావా? నన్నడిగితే గుమ్మంలోంచి ఎత్తి బస్తాలకి బస్తాలు ఇద్దును కదరా! పెళ్ళిచూపులకి రమ్మంటే టైమ్ లేదంటాడు. దుమ్ము కొనుక్కోడానికి మాత్రం ఫుర్సత్ ఉంది."

పృథ్వీ నవ్వి సీసా అందుకున్నాడు. రోలింగ్ మిల్లు ల్యాబులో పనిచేసే ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, చిన్నప్పటినుంచీ ప్లాస్టిక్ బొమ్మలు అతికించి రంగులేసే పిచ్చి ఉన్నవాడు. ఆ పిచ్చి ఇప్పటిదాకా విమానాల మీదా లారీల మీదా తిరిగింది. ఈసారి మాత్రం బల్ల మీద జానెడు పొడవున్న టీ-55 ట్యాంకు ఉంది. అది వాడి సరదాకి కాదు. మావయ్య కోసం.

మావయ్యంటే తాయారమ్మ అన్నగారు మల్లేశ్వరరావు. డెబ్బయ్యొకటి యుద్ధంలో పంజాబు సరిహద్దున ట్యాంకు నడిపాడు. సైన్యం నుంచి వచ్చాక రాయపూర్‌లో రైల్వే వేగన్ల వర్క్‌షాపులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. తండ్రి పోయాక పృథ్వీకి పెద్దదిక్కు ఆయనే. ఇప్పుడాయనకి చూపు పోతోంది. గ్లకోమా. చుట్టూ ఉన్నదంతా మాసిపోయి, మధ్యలో నాణెమంత మేర మాత్రం కనిపిస్తోంది. ఆ నాణెం కూడా ఉగాది దాకా నిలవదని డాక్టరు చెప్పేశాడు.

"ట్యాంకు డ్రైవరుకి ఇది అలవాటేరా," అన్నాడాయన, మేనల్లుడి భుజం పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ. "సన్నటి కంతలోంచే కదా లోకమంతా చూసీవాళ్ళం." కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. "ఒక్క ఫొటో కూడా లేదురా నా బండిది. ఇంకోసారి చూస్తే బాగుణ్ణు."

ఆ మాట పృథ్వీ గుండెలో ముల్లులా దిగింది. ఆ రాత్రే ట్యాంకు కిట్టుకి ఆర్డరు పెట్టాడు. దసరా నాటికి చూపించాలి. మావయ్య కళ్ళలో ఆ నాణెం మిగిలి ఉండగానే చూపించాలి.

"రంగేమిటి మావయ్యా?" అని ఒక ఆదివారం అడిగాడు.

"ఆకుపచ్చే. కాని ఆకుపచ్చ ఎప్పుడు చూశాం? పూరా దుమ్ము కిందే ఉండీది. చెయ్యేస్తే పిండిలాగ అంటుకునీది."

అందుకే దుమ్ము.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, పృథ్వీ ముందు గదిలో తలుపు వేసుకుని కూర్చునేవాడు. పొడి ఎగిరిపోతుందని ఫ్యాను కట్టేసేవాడు. చెమట చెవి వెనక నుంచి మెల్లగా జారేది. మొదట నల్ల రంగు కొట్టాడు, దాని మీద ఆకుపచ్చ. పలకల మధ్యలో రంగు కాస్త లేత చేసి, అంచుల్లో నలుపు తొంగిచూసేటట్టు వదిలాడు. గిన్నెలు తోమే స్పాంజి ముక్క తుంచి, జవాన్ల బూట్లు రాసుకునే చోటల్లా పెచ్చులు లేచినట్టు అద్దాడు. పొగగొట్టం దగ్గర తుప్పు. సందుల్లోకి పల్చటి గోధుమ రంగు జారనిచ్చి, పైనుంచి కిందికి వాన చారలు దించాడు. ఎండిందాని మీద మళ్ళీ, దాని మీద మళ్ళీ.

ఆ పనిలో ఒక మత్తు ఉంది. కుంచె కొస చూస్తూ చూస్తూ ఉంటే గది వెనక్కి జరిగిపోయేది. బల్ల పొలమయ్యేది. ట్యాంకు పెరిగిపెరిగి కిటికీని కమ్మేసేది. పృథ్వీ గోరంత మనిషై దాని చక్రాల పైనున్న రేకు రెక్క మీదికి ఎక్కి నడిచేవాడు. కాళ్ళ కింద ఇనుము వేడిగా ఉండేది. చెరకుతోటల మీద పొగమంచు, ఎక్కడో టీ కాచుకుంటున్న పొగ, డీజిలు వాసన. ముందువైపు మూత తెరుచుకుని ఒక కుర్రాడి తల పైకి వచ్చేది. ముఖమంతా దుమ్ము, పళ్ళు మాత్రం తెల్లగా. "మావయ్యా!" అని పిలిచేవాడు పృథ్వీ. ఆ కుర్రాడు వినేవాడు కాదు. ఎటో దూరంగా చూస్తూ కళ్ళు చికిలించుకునేవాడు. వాడి చూపు ఎంత దూరం పోతోందో, ఎంత విశాలంగా ఉందో చూస్తుంటే పృథ్వీకి ఏడుపొచ్చేది. అంతలో గూడ్సు బండి కూత వినపడి, బల్ల మళ్ళీ బల్లయ్యేది.

దసరా ముందురోజు ఆఖరి పని చేశాడు. సీసాల్లో పొడులు కలిపి, పొడి కుంచెతో చక్రాల మీద, రెక్కల మీద, మూత చుట్టూ దుమ్ము పరిచాడు. అది రాలకుండా నిలవాలంటే పైన అంటించే మందు కొట్టాలి. కొడితే దుమ్ము తడిసి ముదురుతుంది, పిండిలా ఉండదు. మావయ్య చేతికి అంటాలి కదా అని అలాగే వదిలేశాడు. దూరంగా నిలబడి చూసుకున్నాడు. అది బొమ్మలా లేదు. ఎక్కడినుంచో ఇప్పుడే వచ్చి ఆగిన బండిలా ఉంది.

దసరా పొద్దున బంతిపూలు తేవడానికి బజారుకు వెళ్ళాడు. బేరమాడి, రెండు మూరలు ఎక్కువే పట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. దేవుడి ముందు ఆయుధపూజకి అన్నీ సర్ది ఉన్నాయి. కత్తిపీట, మిక్సీ, తండ్రి వాడిన పెద్ద స్పానరు, స్కూటరు తాళం. అన్నీ కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉన్నాయి. వాటి మధ్య, పీట మీద, అన్నిటికంటే ఎత్తున, తళతళలాడుతూ ట్యాంకు.

ఆకుపచ్చగా. కడిగిన తమలపాకులా.

పృథ్వీ చేతిలో పూలు జారిపోయాయి.

"వచ్చీసావా?" అంది తాయారమ్మ వంటింట్లోంచి, సంబరంగా. "ఆయుధపూజకి మనింట్లో ఉన్న అసలు ఆయుధం అదొక్కటే కదరా! నీ గదిలో దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, పాత పళ్ళ బ్రష్షుతో, సబ్బునీళ్ళతో శుభ్రంగా సాఫ్ చేసీసేను. ఈ పుల్లలాంటిది ఊడొచ్చింది, పారేయకుండా కాయితంలో చుట్టి ఉంచేను."

పుల్ల కాదది, యాంటెన్నా. దుమ్ము పోయింది. వాన చారలు పోయాయి. ముందు పలక మీద పసుపు, దాని మధ్యలో ఎర్రగా ఇంత బొట్టు.

పృథ్వీ తడిగుడ్డ పెట్టి తుడవబోయాడు. పసుపు అప్పటికే పెయింటులోకి ఇంకిపోయింది. ఇంకా రుద్దితే కింద ఆకుపచ్చ కూడా లేచిపోయేలా ఉంది.

"దాన్ని దుమ్ముపట్టినట్టు చెయ్యడానికి నెలల తరబడి కూర్చున్నానమ్మా! మావయ్య బండి అలాగే ఉండేది! నీకు దులపడం తప్ప ఇంకేం తెలుసు? కనబడిందల్లా కడిగెయ్యడమేనా బతుకంటే?"

అనకూడని మాట అనేశాడు. తాయారమ్మ ముఖం చిన్నబోయింది. చేతిలో ఉన్న కొబ్బరికాయ వైపే చూస్తూ, "దుమ్ముతో దేవుడి ముందు పెడతారేటి," అని మాత్రం గొణిగింది. కొబ్బరికాయ తనే కొట్టుకుంది.

మధ్యాహ్నం అన్నగారింటికి వెళ్ళాలి. దసరా నాడు జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టడం ఎన్నడూ తప్పలేదు. వెళ్ళకపోతే ఆయన ఎదురుచూస్తాడు, వెళితే చూపించడానికి ఏముంది? పృథ్వీ యాంటెన్నా అతికించి, ట్యాంకును డబ్బాలో పెట్టాడు. స్కూటరు వెనక తాయారమ్మ ఆ డబ్బాని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వర్క్‌షాపు మైదానంలో సాయంత్రం కాలబోయే రావణుడు, సగం తలలతో, ఇంకా తాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

మల్లేశ్వరరావు వరండాలో ఎండ పడే చోట కుర్చీ వేయించుకుని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. జమ్మి ఆకు అందుకుని, చెల్లెలి తల నిమిరి, "తెచ్చేడా?" అని అడిగాడు. ఆ గొంతులో చిన్నపిల్లాడి ఆత్రం విని పృథ్వీకి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

ట్యాంకును స్టూలు మీద, ఎండలో పెట్టాడు.

మల్లేశ్వరరావు తల అటూ ఇటూ తిప్పాడు. ఆయన చూపు స్టూలు మీదినుంచి జారి గోడ మీదికి, గోడ మీదినుంచి మొక్కల మీదికి పోయింది. వెనకంతా మొక్కల ఆకుపచ్చ. అందులో ఆకుపచ్చ బొమ్మ.

"ఎక్కడరా?"

"ఇక్కడే మావయ్యా. మీ ముందే."

మళ్ళీ వెతికాడు. పృథ్వీకి అప్పుడర్థమైంది, తను గీసిన చారలూ, అద్దిన పెచ్చులూ ఉన్నా ఆ కళ్ళకి అందేవి కావని. ఆలస్యమైపోయింది.

"ఆగు," అన్నాడు మల్లేశ్వరరావు. ముందుకి వంగాడు. "ఎర్రగా ఏదో ఉంది. పసుప్పచ్చ మధ్యలో... బొట్టా?"



ఆయన తల కదపకుండా ఆ బొట్టునే పట్టుకున్నాడు. చేతికి దొరికిన తాడు వదలనట్టు. అక్కడినుంచి చూపుని కొంచెం కొంచెం జరిపాడు. "ఇది ముందు పలక. ఇవి హెడ్‌లైట్లు. ఇదిగో నా మూత, ఎడమవైపు. ఫిరంగి గొట్టం... అబ్బో, ఎంత పొడుగు! ఇదేరా. నా బండే!" కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా రెప్ప వేయలేదు, వేస్తే మళ్ళీ దొరకదేమోనని. "బొట్టెవరు పెట్టేరు?"

"నేనే అన్నయ్యా," అంది తాయారమ్మ, తప్పు చేసిన గొంతుతో.

"మాకూ దసరాకే పెట్టీవోళ్ళు. ఆ ఏడు పెట్టింది యుద్ధం దాకా ఉండిపోయిందే. హెడ్‌లైటు కింద, చెయ్యి దూరని చోట. పొద్దున్నే లోపలికి దిగేముందు వంగి దాన్ని చూసీవాడిని. ఉందంటే ఆ రోజు పర్వాలేదనుకునీవాడిని."

చెయ్యి చాపి ట్యాంకును తాకాడు. వేళ్ళు గొట్టం మీదినుంచి రెక్కల మీదికి పాకి ఆగిపోయాయి. బొటనవేలితో మిగతా వేళ్ళు రాసి చూసుకున్నాడు.

"నున్నగా ఉందేటిరా? దుమ్మేదీ?"

పృథ్వీ తల్లి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కొంగు అంచు నలుపుతోంది. పొద్దుటి కోపం ఇంకా ఉంది, నాలుక చివరే ఉంది. మింగేశాడు.

"ఇంకా వెయ్యలేదు మావయ్యా. మీరు దగ్గరుండి చెబితే వేద్దామని."

తాయారమ్మ తలెత్తి కొడుకుని చూసింది. లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వరండా మెట్లు దిగి, గేటు పక్కన బండ్లు తొక్కిన మట్టిలో కూర్చుంది. మెత్తటి దుమ్ము వేళ్ళతో ఏరి, చెంగులో జల్లించి, గుప్పిట పట్టుకుని వచ్చింది. ఎన్నడూ దుమ్ము అంటనివ్వని చెంగు.

"ఎక్కడ వెయ్యాలన్నయ్యా?"

"చక్రాల పైన రెక్కల మీద దండిగా. గొట్టం మీద కొంచెం. బొట్టు మీద పడనివ్వకు."

ముగ్గు వేసే చెయ్యి అది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనుంచి దుమ్ము సన్నగా, తడబడకుండా దిగింది. ఏ కుంచెతోనూ పృథ్వీ అంత బాగా వేయలేదు. మల్లేశ్వరరావు మళ్ళీ తాకాడు. వేళ్ళు నలుపుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకొంచెం తేనా?" అని తాయారమ్మ కొడుకుని అడిగింది.

"తే అమ్మా," అన్నాడు పృథ్వీ.

ఆమె మళ్ళీ మెట్లు దిగింది. స్టూలంతా, కిందంతా దుమ్ము రాలి ఉంది. వచ్చాక కూడా దాన్ని తుడవలేదు.