ఇరవై నాలుగో తారీకు వాయిదా

సముద్రంలో చేపల వేట మీద రెండు నెలల నిషేధం మొదలైన రెండో రోజున కోర్టు కానిస్టేబుల్ గోపి కళింగపట్నం వచ్చి, కుసుమకుమారి ఇల్లెక్కడని అడిగాడు. పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మగవాళ్ళు నీడపట్టున కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. కుసుమకుమారి ఇసుకలో పరిచిన వల మీద ఎండు నెత్తళ్ళు తిరగేస్తోంది.

"ఇక్కడ సంతకం పెట్టాలమ్మా," అని గోపి కాగితం చాపాడు.

"ఏటి బాబూ అది?"

"కోర్టు సమన్లు. జగ్గమ్మ యాక్సిడెంటు కేసు. ఇరవై నాలుగున పదిన్నరకల్లా శ్రీకాకుళం కోర్టుకి రావాలి. సాక్ష్యం చెప్పాలి."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, ఇరవై మూడో తారీకు మధ్యాహ్నం తాము ఆమదాలవలసలో రైలెక్కాలని.

ఏడాదిలో ఆ రెండు నెలలే సముద్రం మీద బతికేవాళ్ళకి సెలవులు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినా, పెళ్ళికో చావుకో మొక్కుకో తప్ప కుసుమకుమారి, ఆమె మొగుడు లక్ష్ముడు కలిసి ఊరు దాటింది లేదు. ఈసారి కూతురు రాజకుమారి పట్టుబట్టింది. ఆ పిల్ల శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఎక్కడికి వెళ్దామని అడిగితే తల్లి రామేశ్వరం అంటుందని అందరూ అనుకున్నారు. కుసుమకుమారి మాత్రం ఊటీ అంది.

"సముద్రం రోజూ సూస్తన్నాను గదే. సలేసే ఊరు సూపించు," అంది.

రెండు నెలల ముందే ఐదు టిక్కెట్లు తీశారు. మొగుడూ పెళ్ళాం, కూతురు, అల్లుడు గోవింద్, ఆరేళ్ళ మనవరాలు. వీధి వీధంతటికీ తెలుసు. లక్ష్ముడు స్వెట్టరు కొనుక్కుని, ఒక రోజు పొద్దున్నే వేసుకుని ఒడ్డు దాకా వెళ్ళి, చెమటతో తడిసి తిరిగొచ్చాడు కూడా.

సమన్ల సంగతి విని లక్ష్ముడు వల పక్కన పడేశాడు. "ఎందుకు తీసుకున్నావే? ఊర్లో లేదని నాను సెప్పీవోణ్ణి గదా."

"ఎదురుగా ఉండి లేనని ఎలగ సెప్తాం?"

పక్కింటి నాగబాబు దగ్గర దానికో ఉపాయం ఉంది. డాక్టరు చేత జ్వరమని చీటీ రాయించి పంపేస్తే సరిపోతుందట, తన తోడల్లుడు అలాగే చేశాడట. గోపి కూడా మోటారుసైకిలెక్కబోతూ గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. మొదటి పిలుపుకి రాకపోతే ఎవరూ ఏమీ అనరు, రెండోసారి రాకపోతేనే వారంటు. అదీ అతను మంచికే చెప్పాడు.

"జ్వరమని రాయించుకుని ఊటీ ఎల్తే అక్కడ నిజంగానే జ్వరమొస్తాది," అంది కుసుమకుమారి. నాగబాబు నవ్వాడు గానీ లక్ష్ముడు నవ్వలేదు.

ఆ కేసు మూడేళ్ళ కిందటిది. తెల్లవారుజామున కుసుమకుమారి, జగ్గమ్మ చేపల బుట్టలతో రోడ్డు పక్కన ఆటో కోసం చూస్తున్నారు. జగ్గమ్మ వయసులో పెద్దది, బుట్ట పక్కన కూలబడి కొప్పు ముడుచుకుంటోంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒక కారొచ్చి బుట్టనీ ఆమెనీ ఈడ్చుకుంటూ పోయి కొంత దూరంలో ఆగింది. నడిపేవాడు దిగి వెనక్కి చూశాడు. కుసుమకుమారి అతన్ని చూసింది, అతను కుసుమకుమారిని చూశాడు. మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. జగ్గమ్మ కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేశారు. బుట్ట తలకెత్తుకునే పని అంతటితో పోయింది. అప్పుడే వచ్చిన ఆటో డ్రైవరు ఇంకో సాక్షి గానీ, అతను గుజరాత్ వెళ్ళిపోయాడు. పిలిస్తే పలికే మనిషి కుసుమకుమారి ఒక్కతే.

మర్నాడు ఆమె సమన్లూ, రైలు టిక్కెట్టు నకలూ ఒక కవర్లో పెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు అనూరాధ గదిలో ఫైళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంది. అనూరాధ రెండు కాగితాలూ చూసింది.

"చెప్పకుండా మానేసేవాళ్ళే ఎక్కువ. మీరు ముందే వచ్చారు, అదే మంచి పని," అంది. "వేరే తేదీ అడగొచ్చు. టిక్కెట్టు ఉంది కాబట్టి జడ్జి గారు ఇస్తారు. కానీ వచ్చే నెల వేసవి సెలవులు, పని అంతంత మాత్రం. జూన్ అంటారు. జూన్‌లో ఏమవుతుందో నేను చెప్పలేను. ఇప్పటికే ఆరు వాయిదాలు పడ్డాయి."

"ముందుకి జరపలేరా మేడమ్? ఇరవై మూడు లోపల ఏ రోజైనా వస్తాను."

అనూరాధ తలెత్తి చూసింది. ముందుకి జరపమని సాక్షులెవరూ అడగరట. అప్పటికప్పుడు అర్జీ రాసి మధ్యాహ్నం కోర్టులో పెట్టింది. మేజిస్ట్రేటు చదివి, అవతలి లాయరు గారి జూనియర్‌ని ఒక మాటడిగి, ఇరవై రెండున రమ్మన్నాడు.

తిరుగుబస్సులో కుసుమకుమారి దారిలో గార అనే ఊళ్ళో దిగి జగ్గమ్మ ఇంటికెళ్ళింది. ఆ ఇంటికి వెళ్ళి ఏడాది దాటింది. జగ్గమ్మ అరుగు మీద కాలు చాపుకుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఇరవై రెండుకి రాయించినాను అప్పా. ఆ రోజు సెప్పేసి మర్నాడు ఊరెల్తన్నాం."

"ఏ ఊరు?"

"ఊటీ."

"అక్కడేటున్నాది?"

"సలి ఉన్నాదంట."

జగ్గమ్మ కాసేపు పిక్కలు తీసింది. "ఆ కారోడి తాలూకోళ్ళొచ్చినారే రెండుసార్లు. రాజీ పడిపొమ్మన్నారు. ఆడు బండి ఆపి, దిగి, సూసి ఎల్లిపోనాడు గదా. అది కోర్టులో ఒకరు సెప్పాల, ఆడు వినాల అన్నాను." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అంది, "ఆ రోజు కుదరకపోతే నువ్వెల్లిపో. ఈ కాలుతోటి నానేటి పారిపోతానా."

ఇరవై రెండున పదింటికే కోర్టు వరండాలో ఉంది. పన్నెండున్నరకి బంట్రోతు ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు, ఆమె మొదటి పిలుపుకే లోపలికొచ్చేసినా. బోనులో నిలబడి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. అనూరాధ అడిగినవాటికి జవాబు చెప్పింది. ఎదురుగా ముద్దాయి నిలబడి ఉన్నాడు. మూడేళ్ళలో కాస్త ఒళ్ళు చేశాడు. ఇతనేనా అంటే ఇతనే అంది.

అంతవరకూ బాగానే నడిచింది. ఎదురు ప్రశ్నలు వేయాల్సిన పెద్ద లాయరు మాత్రం రాలేదు. జూనియర్ లేచి, తమ సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారనీ, పాత తేదీ ప్రకారం ఇరవై నాలుగున వస్తారనీ మనవి చేశాడు. మేజిస్ట్రేటుకి ఆ మాట నచ్చలేదు గానీ, ఎదురు ప్రశ్నల హక్కు తీసేస్తే రేపు అప్పీలులో అదే మొదటి మాటవుతుంది. ఇరవై నాలుగు అని రాశాడు.

బయటికొచ్చాక అనూరాధ ఆమెను పక్కకి పిలిచింది. "మీరు చెప్పింది సగమే లెక్క. ఎదురు ప్రశ్నలయ్యాకే దానికి విలువ. మీరు వెళ్తానంటే మళ్ళీ అర్జీ పెడతాను, నేనేమీ అనుకోను."

"ఎల్లుండి ఆయన వస్తారా?"

"తేదీ ఆయనే అడిగారు. రాకపోతే ఈసారి జడ్జి గారు ఊరుకోరు."

కుసుమకుమారి వరండా చివర కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. రెండు నెలలుగా ఆమె ఏ పని చేస్తున్నా మనసులో ఒక కొండా, దాని మీద మంచూ ఉండేవి. ఆ పెద్దమనిషి ఇవాళ రాలేకపోయినందుకు ఆ కొండ తనెందుకు వదులుకోవాలి అనుకుంది. వదులుకోవాలని ఎవరన్నారు, ఆలస్యంగా వెళ్తే కొండ ఎక్కడికీ పోదు కదా అని మళ్ళీ తనే అనుకుంది. కూతురికి ఫోన్ చేసింది.

"మీరు రేపు ఎల్లిపోండి. నాను ఎనకాల వస్తాను."

"ఒక్కదానివేనా? అమ్మా, మదరాసులో బండి మారాలి. రిజర్వేషన్ దొరకదు."

"మీ నాన్న ఒక్కడే బోటు పనికి గుజరాత్ ఎల్లలేదేటి?"

"నాన్న మగోడు."

"రైలుకి తెలుస్తాదేటే ఆ సంగతి?"

మర్నాడు ఆమదాలవలస స్టేషన్లో లక్ష్ముడు సామానంతా తనే బండిలోకి ఎక్కించాడు. ఎక్కాక కిటికీలోంచి, "మదరాసులో ఎవరేటిచ్చినా తినకు," అన్నాడు. బండి కదిలాక, "బేగి రా," అన్నాడు. ఇరవై ఏళ్ళు నడిసముద్రంలో తిరిగిన మనిషి ఆ కిటికీలో తప్పిపోయినవాడిలా కనిపించాడు. ఆమెకి అదొక్కటే ఇబ్బందిగా అనిపించింది.

ఇరవై నాలుగున పెద్ద లాయరు వచ్చాడు. ఆమెను పిలిచేసరికి మూడు దాటింది. జగ్గమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది.

"తెల్లవారుజాము కదమ్మా. చీకట్లో మనిషి మొహం ఎలా గుర్తుపట్టావు?"

"అతను దిగినప్పుడు కారు తలుపు తీసున్నాది బాబూ. లోపల దీపం వెలిగింది."

"ఎంత దూరంలో?"

"మీటర్లు నాకు తెలీవు. ఆ గోడ దగ్గర మీరుంటే, ఈ బోనులో నానున్నంత."

జగ్గమ్మ రోడ్డుకి అడ్డంగా పరిగెత్తిందని లాయరు అన్నాడు. కూర్చున్న మనిషి పరిగెత్తలేదని ఆమె అంది. ఆయన కాగితం తిరగేసి, తాపీగా అడిగాడు.

"మీ బుట్టలెక్కడున్నాయి? మట్టి మీదా, తారు మీదా?"

ఈ సంగతి కుసుమకుమారిని పోలీసులూ అడగలేదు, అనూరాధా అడగలేదు. మట్టి మీదే అనేస్తే అయిపోతుంది, ఎవరు చూశారు. వెనక్కి తిరిగి జగ్గమ్మ వైపు చూడాలనిపించి, చూడకుండా ఆపుకుంది.

"నా బుట్ట మట్టి మీదే ఉన్నాది. జగ్గమ్మ బుట్ట సగం తారు మీదున్నాది. మనిషి మాత్రం మట్టి మీదే కూకున్నాది."

"అంటే రోడ్డుకి అడ్డంగా బుట్ట పెట్టారు. అంతేగా?"

"పక్కన పెట్టినాం. సగం తారు మీదకొచ్చింది. రోడ్డంతా ఖాళీగానే ఉన్నాది బాబూ, ఇంకో కారు పట్టేటంత."

లాయరు చాలన్నట్టు కూర్చున్నాడు. మేజిస్ట్రేటు ప్రతి మాటా టైపు చేయించి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు.

వరండాలో కుసుమకుమారి ముందుగా అన్న మాట, "పాడు సేసేసినాను మేడమ్."

"బుట్ట సంగతి ఒప్పుకున్నారు కాబట్టి మిగతాది నమ్ముతారు," అంది అనూరాధ. "నమ్మకపోవచ్చు కూడా. మీరు చెప్పేదేదో చెప్పారు, ఇక వెళ్ళి రండి."

జగ్గమ్మ కర్ర ఆనించి నిలబడింది. "ఉన్నదే గదా సెప్పినావు. ఆ బుట్ట ఇంకొంచెం ఇవతల పెడదామని నాకా రోజు అనిపించిందే. బద్దకించినాను." అది ఆమె మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట.

ఆ సాయంత్రం బండికి కుసుమకుమారి జనరల్ పెట్టెలో ఎక్కింది. విజయనగరం దాకా నిలబడింది. అక్కడ కొందరు దిగాక, బొబ్బిలి నుంచి కూలిపనికి వెళ్తూ అక్కడ ఎక్కిన ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. మదరాసులో రైలు దిగి, దారి అడుగుతూ అడుగుతూ కోయంబత్తూరు బస్సు పట్టుకుంది. చేతులతో చూపిస్తే అరవవాళ్ళకి అర్థమవుతోందని ఆమెకి అప్పుడే తెలిసింది. చేపలమ్మే మనిషికి బేరం ఏ భాషలోనైనా వస్తుంది.

ఇరవై ఆరు మధ్యాహ్నం ఊటీ బస్టాండులో దిగేసరికి లక్ష్ముడు పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. కొండ రైలూ, తోటలూ వాళ్ళు చూసేశారు. మళ్ళీ ఎక్కుదామంటే కొండ రైలుకి టిక్కెట్లు లేవు. ఆమెకి మిగిలింది ఒకటిన్నర రోజు. అందులో సగం వాన. తేయాకు తోటల్లో గొడుగు కింద నడిచింది, నోట్లోంచి పొగలా ఊపిరి వస్తుంటే మనవరాలితో కలిసి ఊదింది, ఆ చలికి రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని తృప్తిగా వణికింది. కొండ రైలు ఎక్కనందుకు బాధ లేదని ఆమె అనలేదు. బాధే అంది.

తీర్పు శ్రావణంలో వచ్చింది. ఆ రోజుకి ఎవరూ సమన్లు పంపలేదు. కుసుమకుమారి తనంతట తానే వెళ్ళి జగ్గమ్మ పక్కన కూర్చుంది. నేరం రుజువైందని మేజిస్ట్రేటు చదివాడు. బుట్ట సంగతి తీర్పులో ఉంది, అది తప్పయినా ప్రమాదానికి కారణం కాదని ఉంది. దిగి చూసి వెళ్ళిపోవడం గురించి రెండు వాక్యాలున్నాయి. ఆరు నెలల శిక్ష. ముద్దాయి ఆ సాయంత్రమే బెయిలు తీసుకుని అప్పీలుకి పోయాడు.

"మళ్ళీ పిలుస్తారేటే నిన్ను?" అని బస్టాపు దగ్గర జగ్గమ్మ అడిగింది.

"అప్పీల్లో సాక్షుల్ని పిలవరంట. కాయితాలే సూస్తారంట."

"ఆ రెండు ముక్కలూ సదివినప్పుడు ఆడి మొకం సూసినావా?"

"సూడ్నేదు. నీ మొకమే సూసినాను."

కళింగపట్నం బస్సు వచ్చింది. జనం బాగా ఉన్నారు. కుసుమకుమారి ముందుగా ఎక్కి కర్ర అందుకుని, రెండో చెయ్యి జగ్గమ్మకి ఇచ్చింది.