మూడో సోలినాయిడ్

మీటరు పద్నాలుగు ఓములు చూపించింది. టిక్కు మాస్టారు తల ఊపి, ఆ సోలినాయిడ్‌ను పాత తువ్వాలు మీద మొదటి రెండింటి పక్కన పెట్టాడు. బొటనవేలంత ఇనుప గొట్టం, వెనక రెండు తీగలు, ఒళ్ళంతా గేరు ఆయిలు. ఆటోమేటిక్ బండిలో గేరు మార్చే పని వీటిదే. ఈ బండి రెండో గేరు దాటి మూడులోకి వెళ్ళనని మొరాయిస్తోంది.

మీటరు మాట ఆయన సగమే నమ్ముతాడు. లోపల చుట్టిన తీగ తెగలేదని అది చెబుతుంది, అంతే. కరెంటు తగలగానే లోపలి పుల్ల కదిలిందో లేదో చెవి చెప్పాలి. బ్యాటరీ తీగ తాకించగానే టిక్కుమంటే ప్రాణం ఉన్నట్టు. ముప్ఫై ఏళ్ళుగా అది వినడమే ఆయన పని, చివరికి ఆయన పేరు కూడా. ఈ షెడ్డు పెట్టిన పెద్ద మేస్త్రి బతికున్న రోజుల్లో మాస్టారు చెయ్యెత్తితే చాలు, షెడ్డులో సుత్తులు ఆగేవి, కంప్రెసర్ ఆగేది, బండి ఎప్పుడిస్తారని దెబ్బలాడేవాళ్ళు సైతం నోరు మూసుకునేవారు. పెద్ద మేస్త్రి అంతటివాడు ఊపిరి బిగబట్టి మాస్టారి ముఖంకేసి చూసేవాడు. ఎంత బాగుండేవి ఆ నిమిషాలు.

ఇంట్లో భార్య మాత్రం, "నా మాటలన్నీ పెడచెవిన పెట్టే మనిషికి షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుందట" అని దెప్పుతుంది. ఏడాదిగా ఆ దెప్పుడు మరీ ఎక్కువైంది.

ఇవాళా చెయ్యెత్తాడు. ఇప్పుడు షెడ్డు నడుపుతున్నది పెద్ద మేస్త్రి కూతురు. ఆమె కంప్రెసర్ కట్టేసి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. మొదటి రెండూ ఎక్కడో దూరంగా పలికాయి. మూడోది పలకలేదు. చెవికి ఇంకా దగ్గరగా ఆనించి మళ్ళీ తాకించాడు.

"పోయింది. కొత్తది తెప్పించు."

ఆమె కదల్లేదు. "మోగింది కదా బాబాయ్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రెండుసార్లూ."

ఆ గొంతులో వెటకారం లేదు. అందుకే ఆయనకు భయం వేసింది. మూడోసారి తాకించి, ఈసారి ఆమె ముఖం చూశాడు. తీగ తాకగానే ఆమె రెప్పలు చిన్నగా అదిరాయి. ఆయనకు తన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

బల్ల కింద నుంచి రేకు డబ్బా లాగాడు. ఈ ఏడాది తాను పోయాయని తీసి పడేసినవి అందులో ఏడున్నాయి.

"విను తల్లీ," అని ఒక్కొక్కటే తాకించాడు.

"మోగింది... ఇదీ మోగింది... ఇది లేదు బాబాయ్..."

ఏడింటిలో నాలుగు బతికే ఉన్నాయి. మాస్టారికి సిగ్గు ముంచుకొచ్చింది. అంతమంది చేత పని ఆపించి, తాను చెప్పింది అబద్ధం.

"మీ నాన్న ఉంటే ఏమనేవాడో."

"కూర్చోమని టీ తెప్పించేవారు," అంది ఆమె.

తప్పు సోలినాయిడ్‌లో లేదు. కనెక్టర్‌లో ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆమే కనిపెట్టింది. మాస్టారు దాన్ని ఓపిగ్గా గీకి శుభ్రం చేశాడు. కళ్ళూ వేళ్ళూ ఇంకా ఆయన మాట వింటున్నాయి. మధ్యాహ్నానికి బండి మూడో గేరులోకి మెత్తగా జారింది.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "రేపటి నుంచి నువ్వే విను," అన్నాడు.

"మీరు పక్కన కూర్చోండి, చాలు."

"కూర్చుంటే చెయ్యెత్తాలనిపిస్తుందమ్మా."

ఆమె నవ్వబోయి ఆగింది. ఆయన రోజూలాగే చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

బల్ల పైన గోడమేకుకి విడిభాగాల అట్టపెట్టె మూత ఒకటి వేలాడుతోంది. దాని మీద మార్కరుతో, మాస్టారు నిదానంగా రాసిపెట్టిన గుండ్రటి అక్షరాలు: "టిక్ అంటే మంచిది. టుక్ అంటే మడ్డి పట్టింది, కడగాలి. ఏమీ అనకపోతే, పారేసే ముందు ఇంకొకరిని వినమను."