డేవిడ్ స్క్రిప్టు

లినక్స్‌లో ప్రోగ్రాముల తప్పులు వెతికే డీబగ్గర్ నుంచి దాన్ని చూసుకునే సురేంద్ర, అందులో స్క్రిప్టులు రాసుకునే గైల్ భాషను తీసేశాడు. ముందుగా అభ్యంతరాలు అడిగితే ఎవరూ పలకలేదు. హిందూపురం నుంచి అతను అప్‌డేట్ వదిలాక, ధర్మవరంలో ప్రోగ్రాములు రాసే మంజుల ఫోన్ చేసింది. ఆమె అన్న డేవిడ్ సురేంద్రతో కలిసి పనిచేసినవాడు, నిరుడు చనిపోయాడు.

"అన్నా, మా డేవిడన్న గైల్‌లో రాసిన స్క్రిప్టు నడవడంల్యా."

"ఎవురూ వాడరని తీసేస్తిమి మంజులా."

"నేను వాడతాండా కదన్నా. తెరిస్తే అన్న నాకోసం పెట్టిన 'తింటివా పాపా' అనే మాట వస్తాండె."

సురేంద్రకు ఏమీ అనిపించలేదు.

"పైథాన్ భాషలో రాసిస్తా. ఆ మాట గూడా పెడతా."

"పని వరకు రాయన్నా. ఆ మాట వద్దు. నువ్వు అడిగినట్టుంటాది."

రాసి, తెరిచి చూశాడు. తెర మీద ఏ మాటా రాలేదు. పని చేస్తోందని మంజులకు మెసేజ్ పెట్టాడు.