నూకరత్నం ఉంగరపు వేలు

నేను ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పే మిషన్ని. అరచేతిలో పడతాను. ఒక చుక్క రక్తం ఇస్తే ఒక అంకె ఇస్తాను. అంతకుమించి నన్నెవరూ ఏమీ అడగలేదు.

నన్ను బిగించిన ఫ్యాక్టరీలో ముందు సీసాలోని నీళ్లతో పరీక్షించారు. అందులో చక్కెర ఎంత కలిపారో వాళ్లకు తెలుసు. నేనూ అంతే చెప్పాను. పాసయ్యానని స్టిక్కరు అంటించారు. తమకు ముందే తెలిసిన జవాబు చెబితేనే మనుషులు నమ్ముతారని నాకు అక్కడే తెలిసింది.

అక్కణ్నుంచి జిల్లా స్టోరుకు, స్టోరునుంచి నూకరత్నం సంచిలోకి వచ్చాను. నూకరత్నం విజయనగరం వైపు ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం నర్సు. ముప్పై దాటిన ప్రతివారికీ షుగరు పరీక్ష చెయ్యాలని పథకం వచ్చింది. పథకం మంచిదే. దానితోపాటు రోజుకు ఇంతమందని లెక్క కూడా వచ్చింది. లెక్క తగ్గిన నర్సును వీడియో మీటింగులో పేరు పెట్టి నిలబెట్టేవారు. నూకరత్నంది కాంట్రాక్టు ఉద్యోగం. అప్పటికే రెండుసార్లు నిలబడింది. మళ్లీ నిలబడితే ఇంటికి వెళ్లడమే అన్నారు.

ఊళ్లో జనం తెల్లారేసరికి ఇటుక బట్టీలకు పోతారు. ఆమె వెళ్లేసరికి తలుపులకు తాళాలు. ఇంట్లో ఉన్నవాళ్లు వేలు ఇవ్వరు.

"నెత్తురు పట్టుకెళ్లి ఏటి సేస్తావు నర్సమ్మా, పులుసెడతావా?" అని గుంపస్వామి అనే ముసలాయన అరుగు మీంచి అడిగేవాడు.

ఊరికే పేర్లు ఎక్కించడానికి లేదు. నా తెర మీది అంకెను ఫోటో తీసి పంపాలి. మోసం జరగకుండా పెట్టిన నిబంధన అది. అంకె రావాలంటే రక్తం కావాలి. నూకరత్నం తన ఉంగరపు వేలు పొడుచుకుని, ఆ ఫోటోను గుంపస్వామి పేరుతో పంపింది. మర్నాడు అదే వేలు, ఇంకో పేరు. అలా ఊళ్లో చాలామంది ఆమె వేలిలోంచే వచ్చారు.

ఆ అంకె ఎప్పుడూ రెండువందల యాభైకి తగ్గలేదు. నూకరత్నం అంకె చూసేది కాదు. ఫోటో మసకగా వచ్చిందా అని చూసుకునేది.

సిగ్నలు దొరికేది ఊరు పడుకున్నాకే. ఫోటోలన్నీ ఎక్కించేసరికి నిద్రకు మూడు, నాలుగు గంటలు మిగిలేవి. ఆ కాస్తలోనూ మీటింగు భయం. నిద్ర లేకపోయినా, దిగులు పట్టి పీడించినా చక్కెర పెరుగుతుందని పై ఆఫీసుకు తెలుసు. వేళకు పడుకొమ్మని ప్రజలకు చెప్పాలంటూ సర్క్యులర్ పంపింది. అది రాత్రి పదకొండున్నరకు ఫోన్లోకి వచ్చింది. చదివినట్టు వెంటనే జవాబు పెట్టాలని కింద రాసి ఉంది. నూకరత్నం లేచి జవాబు పెట్టింది.

కొన్నాళ్లకు జిల్లా పటంలో ఆ ఊరికి ఎర్ర రంగు వేశారు. అన్నం తగ్గించండని గోడల మీద రాయించారు. పొద్దంతా ఇటుకలు మోసేవాళ్లు సాయంత్రం నడవడానికి ఒక బాట మంజూరు చేశారు. చివరికి డాక్టరు హేమలత కొత్త మిషను తీసుకుని బడి వరండాలో శిబిరం పెట్టింది. ఆమె రాత్రి కాన్పుల డ్యూటీ చేసి నేరుగా వచ్చింది. ఆవలిస్తూనే సూదులు పొడిచింది.

గుంపస్వామికి అంకె తొంభై ఎనిమిది వచ్చింది. ఎవరికీ షుగరు లేదు.

"ఊరందరికీ సుగరని మా కోడలు బెల్లం డబ్బా అటకెక్కించీసింది డాట్రమ్మా! ఇన్నాళ్లూ టీ కాదు, కసాయం తాగినాను. ఇప్పుడు నేదంతావా? మరి నా టీలు ఎవులిస్తారు?"

జనం నవ్వారు. నూకరత్నం సంచి పట్టుకుని నిలబడింది. నిజం బయటపడితే ఉద్యోగం పోతుంది.

డాక్టరు నన్ను తీసుకుంది. "ఈ పాత మిషను సంగతి చూద్దాం. సిస్టర్, మీ వేలివ్వండి."

నూకరత్నం ఇచ్చింది. సూది దిగినా చెయ్యి కదల్లేదు.

"భలే ఓర్పండీ మీకు" అంది డాక్టరు. నేను మూడువందల పన్నెండు చూపించాను.

"మీకు షుగరుందా?"

"లేదు మేడం."

"చూశారా! మిషను పాడైంది. ఊరినంతా హడలగొట్టింది." మీటింగుకు రమ్మని ఫోను మోగడంతో డాక్టరు లేచింది.

నూకరత్నం నన్ను జిల్లా స్టోరుకు తెచ్చింది. స్టోరు చూసే లింగమూర్తి నన్ను తిప్పి చూశాడు.

"ఇదేనా సిస్టరూ, ఊరందరికీ సుగరెట్టీసిన మిషను?"

"ఇదేనండి" అంది.

అతను నన్ను అట్టపెట్టెలో పడేసి, ఆమెకు కొత్త మిషను ఇచ్చాడు. ఆమె బయటికి నడిచింది.

"సిస్టరూ! సెప్పు గడప కాడ ఒగ్గీసినావు!"

ఆమె కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు లేదు. ఎండకు కాలిన సిమెంటు మీద ఆ కాలు ఆనించి నిలబడి ఉంది. వెనక్కి వచ్చి తొడుక్కుంది.

"ఎప్పుడు జారిందో తెలీలేదండి."

"మా బావక్కూడా ఇలాగే జారిపోయీది. సుగరు. ఓపాలి సూసుకో. కొత్త మిషను నీ సంచిలోనే ఉంది కదా."

నూకరత్నం సంచి మీద చెయ్యి వేసింది. "ఈ వారం లెక్క పూర్తవనీండి" అని వెళ్లిపోయింది.

లింగమూర్తి పెట్టె మూశాడు. దాని మీద 'పనిచేయనివి' అని రాసి ఉంది. లోపల నాలాంటివి ఇంకా ఉన్నాయి. ఏది ఎవరి వేలికి నిజం చెప్పి ఇక్కడికి వచ్చిందో మేం ఒకరినొకరం అడగలేదు.