కత్తి పక్కన మనిషి లేడు

ఇరాక్ సైన్యం వచ్చిన కొద్దిరోజులకే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్ళిపోయింది. జాబ్రియాలోని ఆ పెద్ద ఇంట్లో పనివాళ్ళమే మిగిలాం. నేను డ్రైవరును. నా భార్య షాహజాది అదే ఇంట్లో పనిమనిషి, ఒడిలో చంటిపాప. వంటమనిషి బాలసుబ్బయ్యది కడప. "ఉన్నది వండుకు తినండి, ఇల్లు మాత్రం వదలొద్దు" అని వెళ్తూ మామా, అదే మా యజమానురాలు, చెప్పింది. ఫ్రీజర్ నిండా కోళ్ళు. అంగళ్ళలో మాత్రం పాలపొడి లేదు. పాపకు తల్లిపాలే దిక్కు, తల్లికి కోడికూరే బలం.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, మామా కొడుకు గదిలోని వీడియో క్యాసెట్టు ఒకటి పెట్టాడు బాలసుబ్బయ్య. సినిమా అనుకున్నాం. ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నారు, మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. గొట్టంలోంచి బూడిదరంగు మేత గుళికలు కురుస్తున్నాయి. వేల కోళ్ళు ఎగబడి తింటున్నాయి. తర్వాత ఆ కోళ్ళే గొలుసుకు తలకిందులుగా వేలాడుతూ వచ్చాయి. గిర్రున తిరిగే కత్తి. పక్కన మనిషి లేడు.

"హీరో ఎప్పుడొస్తాడు భాయ్?" అన్నాడు బాలసుబ్బయ్య.

షాహజాది నవ్వలేదు. "ఆడ బిస్మిల్లా ఎవురు చెప్పినారు?"

ఆనాటి నుంచి ఆమె కోడికూర ముట్టలేదు. ఖుబ్జు రొట్టె, టీనీళ్ళు. పాలు తగ్గాయి. పాప ఏడుపు పెరిగింది.

"కోళ్ళ అట్టపెట్టె మీద హలాల్ ముద్ర ఉంది గదా" అన్నాను.

"ఆ ముద్రా మిషినే గుద్దిందేమో."

మా రాయచోటి మసీదు హజ్రత్ చెప్పిన మాట గుర్తుచేశాను. ఎవరో తెచ్చిన మాంసం మీద అల్లా పేరు చెప్పారో లేదో తెలియకపోతే, మీరే చెప్పుకుని తినండి అని.

"అది తెలీనోళ్ళకు. నేను కండ్లారా చూస్తి గదా."

చూసింది ఏ దేశమో, ఫ్రీజర్లో ఉన్నవి ఏ దేశానివో. చూడనంత కాలం నిశ్చింతగా తిన్నాం. మరి చూడటం మంచిదా, చెడ్డదా? ఎంత ఆలోచించినా నాకు పాలుపోలేదు.

మేడమీద మామా పెంచుకునే కోళ్ళలో ఒకదాన్ని బాలసుబ్బయ్య పట్టుకొచ్చాడు. "నువ్వే కొయ్యి భాయ్. నేను కోస్తే మళ్ళా ఇంగో పంచాయితీ."

నమాజు చేసే ఖిబ్లా దిక్కుకు తిప్పి, బిస్మిల్లా చెప్పి కోశాను. షాహజాది ముఖం తేటపడింది. కోడిని శుభ్రం చేయడానికి కూర్చుంది. మెడకింద మేత నిలిచే తిత్తి చీల్చగానే ఆమె చెయ్యి ఆగింది. లోపల బూడిదరంగు గుళికలు.

"యాడిదన్నా ఈ మేత?"

"గూటికాడ సంచి ఉండ్లేదా, దాంట్లోదేమ్మా. అరబ్బీలో ఏందో రాసింటాది."

ఆమె నా వైపు తిరిగింది. "ఇదీ ఆ మిషిన్లోదేనా?"

కాదని చెబితే తింటుంది. కాని తెలియని మాట తెలుసని ఎలా చెప్పను?

"తెలీదు" అన్నాను.

"నిజంగా తెలీదా?"

"అల్లా సాక్షిగా తెలీదు."

లోపల పాప ఏడుపు అందుకుంది. షాహజాది అటు చూసింది. "అట్లయితే మనమే చెప్పుకోవాల" అంటూ గుళికలు పారబోసి, ముక్కలు కడిగి, బిస్మిల్లా అని సట్టిలో వేసింది.

ఆ సాయంత్రం కడుపునిండా తింది. పాపా నిద్రపోయింది.

"క్యాసెట్టు ఇంకా సగముంది. పెట్టమంటావా భాయ్?" అన్నాడు బాలసుబ్బయ్య.

"వద్దు" అన్నాం ఇద్దరమూ ఒక్కసారే.