షేరూ చిగుళ్లు

కుక్కల రక్తం ముట్టిన చేతులతో ఇంట్లోకి రాకూడదని మా అత్తయ్య లక్ష్మీకాంతమ్మ పెరటి కుళాయి దగ్గర నాకోసం ఒక బకెట్టు, ఒక చీర విడిగా పెట్టింది. పూజారుల ఇల్లు మాది, మడి తప్పదు. ఆ చీర ఉతికేది నేనే. స్నానం అయిన మరుక్షణం వంటిల్లూ నాదే.

సంతోష్‌నగర్‌లో ఒక కుక్కల ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆరు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, కుక్కర్ దించితే కళ్ళు తిరగడం. రక్తపరీక్ష చేయించుకుంటానంటే మా ఆయన శ్రీపాద ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఆడోళ్లకు నీరసం మామూలే గద. గింతదానికి టెస్టులేంది?" నేనూ ఊరుకున్నాను. వాదించడానికి కూడా ఓపిక కావాలి.

ఈరోజు బాబూమియా మళ్ళీ వచ్చాడు. జల్‌పల్లిలో తన గోదాం కాసే షేరూని చేతుల మీద మోసుకొచ్చాడు. డాక్టర్ శ్రీనివాస్ కుక్కను ముట్టుకోనైనా లేదు. "మన దిక్కు గోమార్లు కుట్టి జ్వరమొచ్చుడు మామూలే. స్లైడ్ ఎందుకు? గవే గోలీలు ఇంకో పది రోజులు ఎయ్యి," అని లోపలికి వెళ్ళిపోయాడు. బాబూమియా నా బల్ల దగ్గరే నిలబడ్డాడు.

"పదిహేను దినాలసంది గవే ఏస్తున్న బేటీ. లేస్తనే లేడు. నువ్వొక్కసారి చూడరాదు?"

షేరూ పెదవి ఎత్తాను. చిగుళ్లు రక్తం లేక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కాలి నుంచి తీసిన రక్తంలో మైక్రోస్కోప్ కింద ఏమీ కనబడలేదు. డ్యూటీ టైమ్ అయిపోయినా క్రిములు ఎక్కువగా చేరే చెవి అంచున గుచ్చి ఇంకో చుక్క తీశాను. నలభై నిమిషాలకు దొరికాయి, ఎర్రకణం లోపల జంటగా రెండు బేబీసియా క్రిములు. ఇవీ గోమార్లు, ఆ రక్తం పీల్చే పిడుదులు, తెచ్చేవే, కానీ ఆ గోలీలకు చావవు. వీటికి ఇంజెక్షన్ వేరు. పిలిచి చూపిస్తే డాక్టర్ సూది వేసి, "నాకు ముందే డౌటుండె," అన్నాడు బాబూమియాతో.

చేతులు కడుక్కుంటూ అద్దంలో నా పెదవి ఎత్తి చూసుకున్నాను. షేరూ చిగుళ్లే. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా ఎన్ని కుక్కల నోళ్లు తెరిచి చూశానో. మామూలే అన్నారంటే ఎవరూ చూడలేదనే అర్థం, అంతే.

ఇంటికి చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "గింత లేటేంది? జల్దీ తానం చేసి రా. కూరగాయలు గట్లనే ఉన్నయ్."

"నేనిప్పుడు లోపలికి రాను అత్తయ్యా. గల్లీ చివర ల్యాబుల నా రక్తం ఇచ్చొస్త."

"మరి వంట?"

"మీ కొడుకును చెయ్యమనుండ్రి. ఆయనేం కుక్కను ముట్టలేదు గద."