రెండూ ఎడమ చేతులే

కత్తెర పట్టాడంటే టైలరు మాస్టారి నోరు ఊరుకునేది కాదు. గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూనే కొలతలకొచ్చినవాళ్ళని ఆటపట్టించేవాడు. "ఈ పొట్టకి చొక్కా కాదు బాబూ, గుడారం కుట్టాలి" అంటే ఆ పొట్ట ఆసామీ కూడా పడీ పడీ నవ్వేవాడు. పక్కనే మిషను తొక్కుతున్న భార్య, "ముందు ఆ నోటికో గుండీ కుట్టుకోండి" అని విసుక్కునేది. విసుగంతా పైపైనే. ఆ కబుర్లు లేకపోతే ఆవిడకి కాలు కదిలేది కాదు.

అలాంటి మనిషి ఈమధ్య ఉలుకూ పలుకూ మానేశాడు. పలకరిస్తే కస్సుమంటాడు. టీలో చక్కెర మానిపించినందుకా ఈ అలక? ఏళ్ళ తరబడి షుగరున్న మనిషికి చెంచాలకి చెంచాలు పొయ్యాలా? ఆవిడకీ ఒళ్ళు మండి మాటలు ఆపేసింది. కొట్లో మిషను చప్పుడొక్కటే మిగిలింది.

ఆ పూట ఆయన పెళ్ళికొడుకు కోటు కత్తిరించి ఇచ్చాడు. ఆవిడ కోటుకి ఎడమ చెయ్యి కుట్టి, రెండో చేతి ముక్క తీసి అటు తిప్పింది, ఇటు తిప్పింది. అదీ ఎడమదే.

"ఏవండీ, పెళ్ళికొడుక్కి రెండూ ఎడమ చేతులేనా?"

మాస్టారు ఆ ముక్క చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదివరకు నోటి పని నోటిదీ, చేతి పని చేతిదీ. ఇప్పుడు మాట్లాడితే చెయ్యి ఆగిపోతోందే. ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోతున్నా. అందుకే నోరు కట్టేసుకున్నా. అయినా తప్పింది."

"నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?"

"కత్తెర లాక్కుంటావని భయం."

అలకనుకుని తనూ మూతి ముడుచుకున్నందుకు ఆవిడకి ఏడుపొచ్చింది.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, నెమ్మదిగా చెప్పింది. "షుగరు చాలాకాలం ఉంటే కొందరికి మెదడు మీదా ప్రభావం పడుతుంది. అవలీలగా చేసిన పనికే ఇప్పుడు మెదడు ఎక్కువ కష్టపడాలి. పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను. షుగరు అదుపులో ఉంటే ఇంకా జారకుండా కొంతైనా ఆపొచ్చు."

కొట్టుకొచ్చి ఆవిడ మిగిలిన గుడ్డ పరిచి కత్తెర కోసం చెయ్యి చాపింది. మాస్టారు కత్తెర వదల్లేదు.

"ఇదీ పోతే ఇక్కడ నేనెందుకే?"

"భలేవారే! కత్తిరించడానికి నేనున్నా. నన్ను నవ్వించడానికి ఇంకెవరున్నారు?"

కాసేపటికి కత్తెర ఆవిడ చేతికొచ్చింది. మాస్టారు గొంతు సవరించుకుని, ఒకాయన పక్కింటాయన కోటేసుకుని పెళ్ళిచూపులకెళ్ళిన కథ ఎత్తుకున్నాడు. సగంలో ఆగిపోయాడు. "ఆ తర్వాత... ఏదో ఉందే." ఆవిడకి తెలుసు, వందసార్లు విన్న కథ. అయినా అందించలేదు.

"తొందరేముంది, మెల్లగా చెప్పండి" అంటూ గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తెర పెట్టింది.

"ఆగాగు!" మాస్టారు ఒక్క అరుపు అరిచాడు. "గుడ్డ తిప్పవే! అదీ ఎడమదే!"

చూస్తే నిజమే. కథలో పడి ఆవిడ చూసుకోనేలేదు.

"మూడు ఎడమ చేతులా! ఆ పెళ్ళికూతురు ఏ చెయ్యి పట్టుకోవాలే?"

ఎన్నాళ్ళకో మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, గుడ్డ తిప్పింది.